యంగ్ సెంటర్ ఎప్పటికి సెట్ అవుతాడు? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడాదీ నవంబర్ వచ్చేసరికి ఇదే గోల. డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకోవడం, ఒక్కో ఎంపికనీ పిక్ అంటారు) తీసుకున్న ఏడడుగుల సెంటర్ కుర్రాడి మీద పదిహేను మ్యాచ్‌లకే "వేస్ట్" అని ముద్ర వేసేస్తారు, వాట్సాప్ గ్రూపుల్లో అయితే వాడిని ఎవరికో ట్రేడ్ కూడా చేసేస్తారు. కొత్తగా ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) చూడ్డం మొదలెట్టినవాళ్ళు, డాలస్ హ్యూస్టన్ వైపు వచ్చాక పిల్లల పుణ్యమా అని అలవాటైనవాళ్ళు, ఇండియాలో పొద్దున్నే అలారం పెట్టుకుని లేచి చూసేవాళ్ళు, అందరూ తిప్పి తిప్పి అడిగేవి ఇవే కాబట్టి అన్నీ ఒకచోట పెట్టా. మధ్యమధ్యలో నా గొడవ కూడా ఉంటుంది, భరించండి.

అసలు సెంటర్ పని ఏంటి?

అందరికంటే పొడుగ్గా ఉండి రింగ్ దగ్గర కాపలా కాయడం, రీబౌండ్లు (రింగ్‌లో పడకుండా తిరిగొచ్చిన బాల్) పట్టడం, తోటి ప్లేయర్లకి స్క్రీన్లు పెట్టడం, అంటే వాళ్ళని కాసేవాడికి అడ్డంగా నిలబడటం. పాయింట్లు కొడితే సంతోషం, కానీ జీతం ఇచ్చేది ముందు ఈ మూడింటికే.

గార్డ్‌లు (బాల్ నడిపించే చిన్నోళ్ళు) రాగానే ఆడేస్తారు, సెంటర్లకి మాత్రం ఇంత టైమ్ ఎందుకు?

స్కూల్లో, కాలేజీలో వీడే అందరికంటే పొడుగు. చెయ్యెత్తితే బ్లాక్, ఎగిరితే రీబౌండ్, ఇంక నేర్చుకోవాల్సిన అవసరం ఏముంది? ఎన్‌బీఏకి వచ్చాక మొదటి రోజే ఎదురుగా అంతే పొడుగున్నవాడు, ముప్పై ఏళ్ళవాడు, పదిహేను కిలోలు బరువెక్కువ ఉన్నవాడు, మోచెయ్యి ఎక్కడ పెడితే రిఫరీకి కనపడదో తెలిసినవాడు నిలబడతాడు. అక్కడినుంచి మళ్ళీ ఓనమాలే.

కానీ అసలు కష్టం ఒళ్ళు కాదు, చూపు. ఒక్క పిక్ అండ్ రోల్ (స్క్రీన్ వాడుకుని చేసే ఎత్తు) తీసుకోండి. అవతలి గార్డ్ బాల్ పట్టుకుని స్క్రీన్ దాటి వస్తున్నాడు, వాడిని కాయాల్సిన మనవాడు స్క్రీన్‌కి తగులుకుని ఒక అడుగు వెనకపడ్డాడు. ఇప్పుడు మన సెంటర్ ఒక్కడు, అవతల ఇద్దరు. ముందుకెళ్ళి గార్డ్‌ని ఆపితే స్క్రీన్ పెట్టినవాడు వీడి వీపు వెనకనుంచి రింగ్ వైపు పరిగెడతాడు, పైకి ఒక లాబ్ వేస్తే డంక్. పోనీ వెనకే ఆగితే గార్డ్ తీరిగ్గా ఆగి జంప్‌షాట్ కొట్టేస్తాడు. అందుకని నడుము వంచి, ఒక చెయ్యి గార్డ్ కళ్ళ ముందు పెట్టి, ఇంకో చెయ్యి పాస్ వెళ్ళే దారిలో చాచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరుగుతూ ఇద్దరికీ "నీ వైపే వస్తున్నా" అనే అనుమానం పుట్టించాలి, ఇదంతా రెండు సెకన్లలో అయిపోవాలి, అది చేస్తూనే నోటితో అరవాలి కూడా, ఎందుకంటే కోర్టు మొత్తం కనపడేది వెనకున్న వీడికే. క్రికెట్లో వికెట్ కీపర్ లాగన్నమాట, వెనకనుంచి వాగుతూనే ఉండాలి. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు ముప్పై ఐదేళ్ళ సీనియర్‌ని "లెఫ్ట్‌కి జరుగు" అని అరవాలంటే మొహమాటం ఉండదా మరి? కోచ్‌లు మొదటి ఏడాది ఎక్కువగా మొత్తుకునేది ఈ నోరు తెరవడం గురించే.

గార్డ్ తప్పు చేస్తే వెనక సెంటర్ ఉంటాడు. సెంటర్ తప్పు చేస్తే వెనక ఉండేది రింగే. అందుకే వీడి తప్పులు అందరికీ కనపడతాయి.

సరే, ఎన్నేళ్ళు ఆగాలి?

నన్నడిగితే మామూలుగా మూడు సీజన్లు. గాలిలోంచి తీసిన లెక్క కాదిది. ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్నవాడి కాంట్రాక్ట్‌లో మొదటి రెండేళ్ళు గ్యారంటీ, మూడో ఏడు నాలుగో ఏడు టీమ్ ఇష్టం. అదీ ఆ ఏడాది మొదలయ్యేదాకా ఆగి చెప్పేది కాదు, ఒక సీజన్ ముందే అక్టోబర్ ఆఖరికి తేల్చెయ్యాలి. అంటే కుర్రాడు ఒక్క సీజన్ ఆడాడో లేదో, వాడి మూడో ఏడాది గురించి నిర్ణయం అయిపోవాలి. మూడో సీజన్ అయ్యాక ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్ట్ పొడిగింపు) మాటలు మొదలవుతాయి. టీమ్ ఓపిక, ఫ్యాన్స్ ఓపిక, ఏజెంట్ ఓపిక అన్నీ ఈ క్యాలెండర్ మీదే నడుస్తాయి.

రూడీ గోబేర్‌ని చూడండి. 2013లో 27వ పిక్. మొదటి సీజన్ యూటాలో 45 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి పది నిమిషాలు కూడా లేవు, సగటున 2.3 పాయింట్లు, ఫ్రీ త్రోలు సగం కూడా పడలేదు, మధ్యలో డెవలప్‌మెంట్ లీగ్‌కి పంపారు. అప్పుడు ఎవరైనా "వీడు నాలుగుసార్లు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ కొడతాడు" అంటే నవ్వేవాళ్ళు. రెండో సీజన్ మధ్యలో, 2015 ఫిబ్రవరిలో, వాడి ముందున్న ఎనెస్ కాంటర్‌ని ట్రేడ్ చేసి దారి ఇచ్చారు, అంతే, ఆ సీజన్ మిగతా భాగం యూటా డిఫెన్స్ గోడ కట్టినట్టు అయిపోయింది. 2018, 2019, 2021, 2024లో అవార్డు కొట్టాడు.

ఇందులో చాలామంది మర్చిపోయే ముక్క ఏంటంటే, ఓపిక పట్టడం ఒక్కటే సరిపోలేదు, ముందున్నవాడిని తీసి చోటు కూడా ఇచ్చారు.

పాయింట్లు లేవు, మరి ఎదుగుతున్నాడని ఎలా తెలుస్తుంది?

స్కోర్‌కార్డ్ పక్కన పెట్టి ఒక్క క్వార్టర్ బాల్‌ని వదిలేసి వాడి కాళ్ళనే చూడండి. మొదట్లో స్క్రీన్ పెట్టడానికి వచ్చి పూర్తిగా ఆగకుండానే కదిలిపోతుంటాడు, ఫౌల్ ఇస్తారు, లేదంటే అవతలివాడు సులువుగా జారిపోతాడు. కొన్ని నెలలకి రెండు కాళ్ళు నాటి నిలబడి, గార్డ్ దాటాక మాత్రమే తిరగడం మొదలెడతాడు. ఇది ఏ లెక్కలోనూ పడదు, కానీ కోచ్ వీడియో రూమ్‌లో చూసేది ఇదే.

ఇంకోటి, ప్రతి పంప్ ఫేక్‌కీ (షాట్ వేస్తున్నట్టు నటించడం) గాల్లోకి ఎగురుతున్నాడా? మొదటి ఏడాది అందరూ ఎగురుతారు. రెండో ఏడాదికి కాళ్ళు నేల మీదే ఉంచి చేతులు నిటారుగా ఎత్తి షాట్ కష్టం చేస్తున్నాడంటే బుర్రకి ఎక్కుతున్నట్టే. ఎగరాల్సి వచ్చినా నిటారుగా ఎగిరి నిటారుగా దిగితే, అవతలివాడు వచ్చి గుద్దుకున్నా ఫౌల్ ఇవ్వరు. బ్లాకులు తగ్గాయని ఫ్యాన్స్ ఏడుస్తుంటే కోచ్ లోపల మురిసిపోతుంటాడు.

ఇంకా డిఫెన్స్‌లో ఎవరినీ కాయకుండా పెయింట్‌లో (రింగ్ ముందు రంగు వేసిన చోటు) మూడు సెకన్లు దాటి నిలబడితే టెక్నికల్ ఫౌల్ ఇస్తారు కదా, అది పడకుండా ఒక కాలు బయట పెట్టి మళ్ళీ లోపలికొచ్చే అలవాటు వచ్చిందా చూడండి. చిన్న విషయమే, కానీ లోపల గడియారం నడుస్తోందని అర్థం.

మావాడు పది నిమిషాల్లో నాలుగు ఫౌల్స్ చేస్తున్నాడు, ఇది జబ్బా?

కాదు, వయసు. ఎన్‌బీఏలో 48 నిమిషాలకి ఆరు ఫౌల్స్ దాకా ఉంది, మన దగ్గర స్కూల్, కాలేజీ, స్టేట్ మ్యాచ్‌లు ఆడే ఫీబా రూల్స్‌లో 40 నిమిషాలకి ఐదే. ఆలస్యంగా చేరినవాడు చేత్తో ఆపుతాడు, ముందే చేరినవాడు ఛాతీతో ఆపుతాడు. ఫౌల్స్ తగ్గుతున్నాయంటే చేతులకి బుద్ధొచ్చిందని కాదు, కళ్ళు ముందే చూస్తున్నాయని.

కొందరు వచ్చీ రాగానే దున్నేశారు కదా?

దున్నేశారు, కానీ వాళ్ళ పాత కథ కూడా చూడాలి. యావో మింగ్ 2002లో నంబర్ వన్ పిక్‌గా హ్యూస్టన్ వచ్చాడు, మొదటి మ్యాచ్ ఇండియానా మీద, పాయింట్లు సున్నా. మాజీ ప్లేయర్ చార్లెస్ బార్క్‌లీ టీవీలో కూర్చుని వీడు ఒక మ్యాచ్‌లో 19 కొడితే తోటి వ్యాఖ్యాత కెన్నీ స్మిత్ వెనకభాగానికి ముద్దు పెడతానని పందెం కాశాడు (ఇంగ్లీష్‌లో ఆ మాటకే గాడిద అని కూడా అర్థం), మూడు వారాలు తిరక్కుండానే యావో లేకర్స్ మీద తొమ్మిదికి తొమ్మిది షాట్లు వేసి 20 కొట్టాడు, చివరికి బార్క్‌లీ కెమెరాల ముందు ఒక గాడిద వెనకభాగానికి ముద్దు పెట్టాడు. అందరికీ ఈ గాడిద కథే గుర్తు. అప్పటికే యావో షాంఘై షార్క్స్‌కి ఐదు సీజన్లు ప్రొఫెషనల్‌గా ఆడొచ్చిన 22 ఏళ్ళవాడని మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ ఓపికంతా ముందే చైనాలో ఎవరో పట్టేశారు.

డెన్వర్ సెంటర్ నికోలా యోకిచ్ కూడా అంతే. 2014లో 41వ పిక్, వాడి పేరు వచ్చే టైమ్‌కి టీవీలో టాకో బెల్ యాడ్ నడుస్తోంది. డెన్వర్ వెంటనే పిలవలేదు, ఇంకో ఏడాది సెర్బియాలోనే ఆడనిచ్చింది. అప్పట్లో రోజుకి మూడు లీటర్ల దాకా కోక్ తాగేవాడినని తనే చెప్పాడు, ఒళ్ళు కూడా అలాగే ఉండేది. 2015లో వచ్చాక కూడా ఇంకో సెంటర్ నూర్కిచ్‌తో చోటు కోసం లాగులాట, ఇద్దరినీ కలిపి ఆడించి చూశారు, కుదర్లేదు. 2016 డిసెంబర్ 15 నుంచి స్టార్టింగ్ యోకిచ్‌కి ఇచ్చేశారు, రెండు నెలలకి నూర్కిచ్‌ని పోర్ట్‌లాండ్ పంపేశారు. తర్వాత మూడు ఎంవీపీలు (సీజన్ బెస్ట్ ప్లేయర్ అవార్డు), 2023 టైటిల్, మీకు తెలిసిందే.

ఇంకో రకం ఉంది, చిన్న పని ఇచ్చి అదే బాగా చేయించడం. డాలస్‌లో డెరెక్ లైవ్‌లీ 2023 డ్రాఫ్ట్‌లో 12వ పిక్, మొదటి ఏడాదే ఫైనల్స్‌లో ఆడాడు. ఏం చేయమన్నారు? స్క్రీన్ పెట్టు, రింగ్ వైపు పరిగెత్తు, డాంచిచ్ పైకి వేస్తే డంక్ చెయ్, రీబౌండ్ పట్టు. పోస్ట్‌లో (రింగ్ దగ్గర) నిలబడి ఇరవై షాట్లు వెయ్యమని ఎవరూ అడగలేదు. పిల్లాడికి ఇలాంటి మొదలు దొరకడం అదృష్టం.

బెంచ్ మీద కూర్చుని నేర్చుకుంటాడా, ఆడిస్తేనే నేర్చుకుంటాడా?

రెండు వైపులా ఉదాహరణలు ఉన్నాయి, నా ఓటు మాత్రం ఆడించడానికే. జెర్మైన్ ఓ'నీల్ 1996లో హైస్కూల్ నుంచి నేరుగా పోర్ట్‌లాండ్ వచ్చాడు, 17వ పిక్. నాలుగేళ్ళు రషీద్ వాలెస్, సబోనిస్ లాంటివాళ్ళ వెనక బెంచ్. 2000లో ఇండియానాకి ట్రేడ్ అయ్యాక మొదటి సీజన్లోనే 12.9 పాయింట్లు, 9.8 రీబౌండ్లు, తర్వాత వరసగా ఆరు ఆల్‌స్టార్ సెలెక్షన్లు. ఓపిక పట్టింది ఒకళ్ళు, ఫలితం తిన్నది ఇంకొకళ్ళు.

డార్కో మిలిచిచ్‌ది దీనికి రివర్స్. 2003లో డెట్రాయిట్ రెండో పిక్, తర్వాత పెద్ద స్టార్లైన కార్మెలో, బాష్, వేడ్ ముగ్గురూ అప్పటికి ఇంకా మిగిలే ఉన్నారు. ఆ టీమ్ అదే సీజన్ టైటిల్ కొట్టింది, అలాంటి టీమ్‌లో 18 ఏళ్ళవాడికి నిమిషాలు ఎక్కడివి? మ్యాచ్ తేలిపోయాక చివర్లో రెండు నిమిషాలు వదిలేవాళ్ళు, 2006లో ఆర్లాండోకి పంపేశారు. కుర్రాడి తప్పు లేదని అనను, కానీ గెలవాలనే తొందరలో ఉన్న టీమ్‌లో పసివాడైన సెంటర్ ఎప్పుడూ ఇరుక్కుంటాడు. గోల్డెన్ స్టేట్‌లో జేమ్స్ వైజ్‌మన్‌కి కూడా ఇదే అయ్యింది. కాలేజీలో ఆడిందే మూడు మ్యాచ్‌లు, 2020లో రెండో పిక్, 39 మ్యాచ్‌లకి మోకాలి మెనిస్కస్ పోయింది, తర్వాతి సీజన్ మొత్తం పోయింది, టీమ్ స్టార్ స్టీఫెన్ కర్రీ వయసేమో ఆగదు, 2023 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కి ట్రేడ్. ఆ టీమ్ ఆటలో సెంటర్ చెయ్యాల్సింది పాస్‌లు, ఆటని చదవడం, హ్యాండాఫ్‌లు (బాల్ నేరుగా చేతికందించడం). మ్యాచ్ అనుభవమే లేనివాడికి దాన్ని మించిన కష్టమైన బడి ఇంకోటి లేదు.

జీ లీగ్‌కి (ఎన్‌బీఏ కింది లీగ్, ఒకప్పటి డెవలప్‌మెంట్ లీగ్) పంపితే అవమానం కాదా?

మన ఇంజనీరింగ్ సప్లీ లాగా చూస్తారు కానీ, కాదు. అక్కడ 30 నిమిషాలు ఆడొచ్చు, తప్పు చేసినా ఎవరూ బయటికి లాగరు. గోబేర్ వెళ్ళాడు, కపేలా వెళ్ళాడు. 2009లో మెంఫిస్ తీసుకున్న రెండో పిక్ హషీమ్ థబీత్‌ని కూడా మొదటి సీజన్లోనే కింది లీగ్‌కి పంపారు, అతనికి మాత్రం పని చేయలేదు. వెనక మూడో పిక్ హార్డెన్, ఏడో పిక్ స్టీఫెన్ కర్రీ అయ్యేసరికి మెంఫిస్ ఫ్యాన్స్‌కి ఓపిక ఎక్కడినుంచి వస్తుంది పాపం.

ఒకే డ్రాఫ్ట్, ఒకే వయసు, అయినా ఒకడు పైకి ఒకడు కిందకి, ఎందుకు?

దీనికి 2001 డ్రాఫ్ట్ కంటే మంచి పాఠం లేదు. మొదటి నాలుగు పిక్‌లలో ముగ్గురు హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన పెద్దోళ్ళు: క్వామే బ్రౌన్ ఒకటి, టైసన్ చాండ్లర్ రెండు, ఎడ్డీ కర్రీ నాలుగు. మూడో పిక్ పావ్ గసోల్, స్పెయిన్‌లో బార్సిలోనాకి ఆడొచ్చాడు, అతను రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి కొత్తవాళ్ళలో బెస్ట్).

క్వామే వాషింగ్టన్‌కి వెళ్ళాడు, అక్కడ మైఖేల్ జోర్డాన్, అదీ 38 ఏళ్ళ వయసులో మళ్ళీ ఆడ్డానికి దిగిన జోర్డాన్. మొదటి సీజన్ 4.5 పాయింట్లు. నంబర్ వన్ అనే బరువు పంతొమ్మిదేళ్ళవాడి మీద పెట్టి పక్కన అలాంటి మనిషిని నిలబెడితే ఎవరి చేతులైనా వణుకుతాయి. మీమ్స్‌లో వాడిని ఇప్పటికీ వదలరు గానీ క్వామే ఎన్‌బీఏలో 12 సీజన్లు ఉన్నాడు, ఊరికే అన్నేళ్ళు జీతం ఎవరూ ఇవ్వరు.

చాండ్లర్, ఎడ్డీ కర్రీ ఇద్దరూ చికాగో బుల్స్‌కి. చాండ్లర్ కోసం బుల్స్ అప్పటికే 20 పాయింట్లు కొడుతున్న ఎల్టన్ బ్రాండ్‌ని వదిలేసుకుంది, కాబట్టి జనం లెక్క ఎప్పుడూ అటువైపే. ఐదేళ్ళు చూసి 2006లో న్యూ ఆర్లియన్స్‌కి పంపేసింది. అక్కడ క్రిస్ పాల్ బాల్ పైకి వేయడం, ఇతను దాన్ని కుక్కడం. 2011లో డాలస్‌కి టైటిల్ గెలిచిన సెంటర్ ఇతనే, తర్వాతి ఏడాది న్యూయార్క్‌లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. అప్పటికి డ్రాఫ్ట్ అయ్యి పదకొండేళ్ళు. కొసమెరుపు ఏంటంటే పైన చెప్పిన లైవ్‌లీకి డాలస్‌లో దగ్గరుండి నేర్పినవాళ్ళలో చాండ్లర్ కూడా ఉన్నాడు.

ఇంతా చూసి లీగ్ 2006 డ్రాఫ్ట్ నుంచి 19 ఏళ్ళు నిండాలి, హైస్కూల్ అయ్యి ఏడాది గడవాలి అని రూల్ పెట్టేసింది.

ట్రేడ్ చేసి స్టార్‌ని తెచ్చుకోవచ్చుగా?

2007లో లేకర్స్ స్టార్ కోబీ బ్రయంట్ ఒక పార్కింగ్ లాట్‌లో ఇదే అన్నాడు, కాస్త ఘాటు భాషలో, ఎవరో ఫోన్‌లో తీశారు కూడా: కుర్ర సెంటర్ ఆండ్రూ బైనమ్‌ని ఇచ్చి స్టార్ గార్డ్ జేసన్ కిడ్‌ని తెచ్చుకోవాల్సిందని. బైనమ్ అప్పటికి పందొమ్మిదేళ్ళవాడు, 2005లో 18 ఏళ్ళ 6 రోజులకే ఎన్‌బీఏలో దిగిన రికార్డు వాడిది, పాతతరం గొప్ప సెంటర్ కరీమ్ అబ్దుల్ జబ్బార్‌ని ప్రత్యేకంగా పెట్టి నేర్పించారు. లేకర్స్ ఇవ్వలేదు. 2009, 2010 టైటిల్ టీమ్‌లలో బైనమ్ ఉన్నాడు, 2012లో ఆల్‌స్టార్. ఆ వేసవిలో ఫిలడెల్ఫియాకి ట్రేడ్ అయ్యి మోకాళ్ళ వల్ల అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఇచ్చేయాలో రెండూ లేకర్స్‌కి కలిసొచ్చాయి, నిజం చెప్పాలంటే సగం అదృష్టమే.

ఇంకో తమాషా. 2008 ఫిబ్రవరిలో లేకర్స్ పావ్ గసోల్‌ని తెచ్చుకుంటే మెంఫిస్‌ని అందరూ తిట్టారు, క్వామేని అంటగట్టి దోచుకున్నారని. ఆ ట్రేడ్‌లో మెంఫిస్‌కి వచ్చినవాటిలో పావ్ తమ్ముడు మార్క్ హక్కులు కూడా ఉన్నాయి, 48వ పిక్, కాస్త లావు కుర్రాడు. 2013లో ఆ తమ్ముడే డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. ఎవరు ఎవర్ని దోచుకున్నట్టు?

గాయాలైతే?

ఇక్కడ మాత్రం నేను ధైర్యం చెప్పలేను. ఫిలడెల్ఫియా తీసుకున్న ఎంబీడ్‌కి పాదం ఎముక వల్ల మొదటి రెండు సీజన్లు పూర్తిగా పోయాయి, మూడోది 31 మ్యాచ్‌లు, 2023లో ఎంవీపీ. గ్రెగ్ ఓడెన్ 2007లో, తర్వాత పెద్ద స్టార్ అయిన డ్యురాంట్ కంటే ముందు నంబర్ వన్, పోర్ట్‌లాండ్‌కి ఐదేళ్ళలో ఆడింది మొత్తం 82 మ్యాచ్‌లు, అంటే సరిగ్గా ఒక సీజన్‌కి సరిపడా. ఇద్దరి విషయంలోనూ టీమ్‌లు ఆగాయి. అంత పొడుగు, అంత బరువు పాదాల మీద, మోకాళ్ళ మీద పడుతుంటే ఓపికకి ఫలితం డాక్టర్ల చేతిలో ఉంటుంది.

త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) కూడా నేర్పాలా?

తొందరేం లేదు. బ్రూక్ లోపెజ్ మొదటి ఎనిమిది సీజన్లలో మొత్తం 31 త్రీలు ట్రై చేస్తే మూడే పడ్డాయి. 2016-17 ఒక్క సీజన్లో 134 వేశాడు. అప్పటికి 28 ఏళ్ళు. ముందు స్క్రీన్ సరిగ్గా పెట్టమనండి.

మరి ఎప్పుడు ఆశ వదిలేయాలి?

నిమిషాలు ఇచ్చారు, చిన్న పనే ఇచ్చారు, ఒళ్ళు బాగుంది, అయినా రెండో ఏడాది చేసిన అదే తప్పు మూడో ఏడాది కూడా అదే చోట చేస్తున్నాడు, అప్పుడు. కొత్త తప్పులు చేస్తుంటే నేను ఇంకా ఆగుతా. నిమిషాలే ఇవ్వకుండా పనికిరాడు అనడం మాత్రం అన్యాయం.

సత్నామ్ సింగ్ సంగతేంటి?

పంజాబ్‌లో బల్లో కే అనే ఊరు, 7 అడుగుల 2 అంగుళాలు, 14 ఏళ్ళకే ఇంగ్లీష్ రాకుండా ఫ్లోరిడా ఐఎంజీ అకాడమీకి వెళ్ళాడు, 2015లో డాలస్ 52వ పిక్, డ్రాఫ్ట్ అయిన మొదటి ఇండియన్. ఆడింది వాళ్ళ కింది టీమ్ టెక్సస్ లెజెండ్స్‌కి, అది ఫ్రిస్కోలో ఉంది, అంటే మనోళ్ళ అడ్డాలోనే, కానీ పైకి ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. సెకండ్ రౌండ్ వాళ్ళకి ఫస్ట్ రౌండ్ లాంటి గ్యారంటీ ఏమీ ఉండదు, పైగా సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఆట స్పీడ్ పెరిగి సెంటర్లు బయటదాకా వచ్చి గార్డ్‌లని కాయాల్సిన రోజులొచ్చాయి. తర్వాత ప్రో రెజ్లింగ్‌లోకి వెళ్ళాడు. ఓడిపోయాడని నేను అనను, ఆ ఊరినుంచి డ్రాఫ్ట్ దాకా వెళ్ళడమే పెద్ద విషయం, కాకపోతే అంత ఎత్తుకి తగ్గ కోచింగ్, తిండి పదేళ్ళ వయసులోనే దొరికుంటే అని మాత్రం అనిపిస్తుంది.

మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు, ఆరడుగుల రెండు, స్కూల్ కోచ్ సెంటర్‌గానే ఆడిస్తున్నాడు, ఏం చేయమంటారు?

ముందు కోచ్ గారిని మర్యాదగా అడగండి, ప్రాక్టీస్‌లో అయినా బాల్ డ్రిబుల్ చేయనివ్వమని, పాస్‌లు వేయనివ్వమని. ఎందుకంటే వాడు అక్కడితో ఎదగడం ఆగిపోతే ఆ ఎత్తుకి పెద్దయ్యాక సెంటర్ కాదు, గార్డ్ అవుతాడు, అప్పుడు బాల్ పట్టుకోవడం రాకపోతే ఆట అక్కడితో సరి. పాతతరం స్టార్ సెంటర్ ఒలాజువాన్ నైజీరియాలో ముందు హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ గోల్‌కీపింగ్ ఆడి టీనేజ్‌లో బాస్కెట్‌బాల్‌కి వచ్చాడు, అతని కాళ్ళ పనితనానికి ఆ ఆటలే కారణమని అంటారు, కాబట్టి వేరే ఆట ఆడతానంటే ఆపకండి. ఒక్కసారిగా పొడుగు పెరిగే ఏడాదిలో మోకాలి కింద నొప్పి అంటే "ఎదిగే వయసు, అలాగే ఉంటుంది" అని తోసెయ్యకుండా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, రోజూ సిమెంట్ కోర్టు మీద గంటలకొద్దీ గెంతించకండి. షూస్ మాత్రం ఆర్నెల్లకోసారి సైజు చూసి మార్చండి.